అన్నం లెక్క రాసుకున్న మూడు నెలలు: నా అనుభవం

2025 జూన్ 9, సోమవారం. బడులు తెరవడానికి ఇంకా మూడు రోజులుంది. వేసవి సెలవులంతా రేపు, ఎల్లుండి అనుకుంటూ నెట్టుకొచ్చిన రక్త పరీక్ష ఇక తప్పదని ఆ రోజు పొద్దున్నే పరగడుపున వెళ్లి చేయించుకున్నాను. నాకు 43 ఏళ్లు. గుంటూరులో ఉంటాం. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మకి షుగరు, మేనమామకి షుగరు. కాబట్టి నాకూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. ఆ ఎప్పుడో అనేది ఇంత తొందరగా వస్తుందని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. పరగడుపు షుగరు 112, హెచ్‌బీఏ1సీ 6.2, బరువు 71 కిలోలు. పరీక్షలకి 650, డాక్టరు ఫీజు 500.

"ఇంకా షుగరు కాదమ్మా, గుమ్మం దాకా వచ్చింది. ఈ 6.2 కాస్తా 6.5 అయితే లోపలికి వచ్చేసినట్టే" అన్నారు డాక్టరు గారు. తర్వాత ఏం తింటారని అడిగారు.

"మామూలుగానే తింటానండీ."

"మామూలంటే ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని, మధ్యాహ్నం ఎంత అన్నం తింటానో చెప్పలేకపోయాను. ఆయన అన్నం మానెయ్యమనలేదు, చపాతీలు తినమనలేదు. "ఏం తింటున్నారో ఏదో ఒక యాప్‌లో మూడు నెలలు రాయండి. మళ్లీ ఇదే పరీక్ష చేయిద్దాం" అని పంపేశారు. మూడు నెలలే ఎందుకంటే, ఆ హెచ్‌బీఏ1సీ అనేది రక్తంలో షుగరుకి దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుందట. వారం ఉపవాసం చేసి దాన్ని మోసం చేయలేం.

మర్నాడు మా పాప నా ఫోన్లో యాప్ వేసి పెట్టింది. పదో తరగతిలోకి వచ్చింది, ఇలాంటివన్నీ దానికి నిమిషం పని. యాప్ వయసు, ఎత్తు, బరువు అడిగింది. ఎంత వేగంగా తగ్గాలనుకుంటున్నారు అని ఒక గీత చూపించింది. పాప ఆ గీతని నవ్వుతూ చివరిదాకా లాగేసింది. రోజుకి 1,350 కేలరీలు అని వచ్చింది. ఆ అంకె ఏ డాక్టరూ చెప్పింది కాదు, మా అమ్మాయి బొటనవేలు చెప్పింది. ఈ సంగతి నాకు నెల తర్వాతగానీ తట్టలేదు.

మొదటి రోజు మధ్యాహ్నమే ఎర్ర గుర్తు పడింది. భోజనం ఒక్కదానికే 1,400 చూపించింది. అందులో అన్నానిదే 1,085. గుండె ఝల్లుమంది. ఇంత తింటున్నానా అని ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు బడిలో ఖాళీ పీరియడ్‌లో కూర్చుని చూస్తే తప్పు దొరికింది. నేను ఎంచుకున్నది 'రైస్', అంటే బియ్యం. వండిన అన్నానికి వేరే పేరుంది. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు, వంద గ్రాముల అన్నానికి 130 దాకా. ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుంటుంది కదా, బరువు పెరుగుతుంది, కేలరీలు పెరగవు. 310 గ్రాముల అన్నానికి 400 పడాల్సిన చోట 1,085 పడింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇది చూసుకోండి. నేను రెండు రాత్రులు ఊరికే ఆకలితో పడుకున్నాను.

310 గ్రాములని ఎలా తెలిసిందంటారేమో, అసలు మొదట్లో తెలియదు. యాప్ కప్పు అంటుంది, కటోరీ అంటుంది, బౌల్ అంటుంది. మా ఇంట్లో ఉన్నవి గరిటె, గిన్నె, మా అత్తయ్య గారి కాలం నాటి సోల, గిద్ద. నాలుగు గిద్దలు ఒక సోల అని ఆవిడ చెబుతారు, యాప్‌కి ఆ లెక్క పనికిరాదు. మొదటి రోజే పక్కింటావిడ దగ్గర తూకం అరువు తెచ్చి కంచం తూచాను. తర్వాత సొంతంగా ఒకటి తెప్పించుకున్నాను, జూన్ 14న వచ్చింది. 420 రూపాయలు. ఐదు కిలోల దాకా తూస్తుంది.

ఈ తూకంతో ఒక చిక్కుంది. కాసేపు కదలిక లేకపోతే దానంతటదే ఆగిపోతుంది. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, స్టవ్ దగ్గరికెళ్లి కూర తెచ్చి వంపేలోపు ఆగిపోయేది. కూర వంపాక మళ్లీ ఆన్ చేస్తే గిన్నె, కూర అంతా కలిపి సున్నా అంటుంది. ఈలోపు బాబు "అమ్మా, టిఫిన్" అని కేక. అప్పుడు మా ఆయన ఒక ఉపాయం చెప్పారు, ఈ మూడు నెలల్లో ఆయన చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఖాళీగా ఒకసారి తూచి, అడుగున మార్కర్‌తో బరువు రాసేశారు. మూడు లీటర్ల కుక్కర్ 1,340. పప్పు గిన్నె 415. కూర మూకుడు 780. వండాక గిన్నెతో సహా తూచి ఆ అంకె తీసేస్తే సరిపోతుంది. మార్కర్ గీతలు రెండు మూడు వారాలకోసారి చెరిగిపోతాయి, మళ్లీ రాసుకోవాలి.

అత్తయ్య గారికి ఇదంతా నచ్చలేదు. ఆవిడకి 74. ఆదివారాలు ఆవిడే గోంగూర పప్పు చేస్తారు. నేను గిన్నె తీసుకెళ్లి తూకం మీద పెట్టగానే, "నా చేతి వంట కూడా తూస్తావా అమ్మాయ్?" అన్నారు. కోపంగా కాదు, అదే కష్టంగా అనిపించింది. పప్పు కాదు అత్తయ్యా, నన్ను నేను తూచుకుంటున్నాను అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. ఆ రోజు మారు వడ్డించలేదు కూడా. వడ్డించకపోతే తినను కాబట్టి ఆ పూట నా కేలరీలు తగ్గాయి, అది వేరే సంగతి.

ఆ గోంగూర పప్పు ఫొటో తీస్తే యాప్ పాలక్ పనీర్ అంది. ఫొటో తీస్తే చాలు, అన్నీ అదే చెబుతుందని ప్రకటనలో ఉంది మరి. ఉలవచారుని చాక్లెట్ సాస్ అంది. పులిహోరని మాత్రం కాస్త దగ్గరగా లెమన్ రైస్ అంది, అది చింతపండు పులిహోర అయినా సరే. బాబుకి ఇది ఆటైపోయింది, రోజూ కంచం ముందు ఫోను పెట్టి ఈసారి ఏమంటుందో చూద్దాం అనేవాడు. నేను ఫొటోలు మానేసి వంటలన్నీ నా చేత్తోనే ఎక్కించుకున్నాను. ఎన్ని గ్రాముల కందిపప్పు, ఎంత నూనె, మొత్తం వండాక బరువెంత. గోంగూరకి మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టిక దొరికింది. అందులో 528 రకాలు ఉన్నాయి, గోగు ఆకు కూడా ఉంది. ఒకసారి ఎక్కించాక మళ్లీ వారం అదే వంటకి రెండు నొక్కులు చాలు. కానీ మొదటి పది రోజులు రోజుకి నలభై నిమిషాలు ఈ పనికే పోయాయి. బడిలో మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారు, ఎన్ని గుడ్లు అయ్యాయి అని యాప్‌లో ఎక్కించే పని కూడా నాదే. పిల్లల భోజనం ఒక యాప్‌లో, నా భోజనం ఇంకో యాప్‌లో. స్టాఫ్ రూమ్‌లో నవ్వుకునేవాళ్లం.

ఈ చేత్తో ఎక్కించుకోవడం వల్లే కొన్ని కళ్లు తెరుచుకున్నాయి. మూడు ఇడ్లీలకి 180. దాంతో నేను తినే పల్లీ చట్నీకి 186. చట్నీకి ఇంటిల్లిపాదికీ నూట యాభై గ్రాముల పల్లీలు, రెండు చెంచాల నూనె పోపు. ఐదుగురికి పంచితే అంత వచ్చింది. ఇడ్లీ ఆరోగ్యం అనుకుంటూ ఇన్నేళ్లూ చట్నీలో ఇడ్లీ ముంచి కాదు, ఇడ్లీతో చట్నీ తిన్నాను. టీలు నాలుగు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, అంటే రోజుకి నలభై గ్రాములు. ఆవకాయ యాప్‌లో చెంచాకి 15 కేలరీలు. మా ఇంటి జాడీలోంచి ముక్క తీసి వేడన్నంలో వేసుకుంటే ముక్కతోపాటు వచ్చే నూనెకి ఆ లెక్క ఏ మూలకి? అది వాళ్లు చెప్పే పచ్చడీ మనం తినే పచ్చడీ ఒకటే అనుకుంటే వచ్చే చిక్కు.

జూన్ 21న ఇంకో మెట్టు ఎక్కాను. ఏం తినాలో చెప్పే కోచ్ ఉన్న ప్లాన్ వారం ఉచితం అని యాప్‌లో వచ్చింది. యూపీఐ ఆటోపేకి, అంటే నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అవడానికి, ఒప్పుకుంటే రూపాయి తీసుకుని వెనక్కి వేస్తారు, నచ్చకపోతే ఆపేసుకోవచ్చు. జూన్ 28న 799 పోయింది. వారం ఎప్పుడైపోయిందో గుర్తులేదు. సరే, కట్టాం కదా వాడుకుందాం అనుకున్నాను.

కోచ్‌కి మొదటి ప్రశ్న తెలుగులోనే పెట్టాను. బడికి వెళ్లేదాన్ని, పొద్దున ఏడున్నరకి టిఫిన్, మధ్యాహ్నం పన్నెండున్నరకి డబ్బా, రాత్రి ఎనిమిదిన్నరకి భోజనం, వీటి మధ్య ఆకలికి ఏం తినమంటారు అని. పంతొమ్మిది గంటల తర్వాత ఇంగ్లీషులో జవాబు వచ్చింది. పొద్దున ఓట్స్ లేదా పెసరపప్పు చీలా, మధ్యాహ్నం రెండు మల్టీగ్రెయిన్ రోటీలు, రాత్రి పనీర్ సలాడ్. పెసరపప్పు చీలా అంటే ఏమిటో వెతికితే మన పెసరట్టు చుట్టం. అంతకుముందు రెండు వారాలు నేను ఎక్కించిన అన్నం, పప్పు, పులుసు ఆయన తెరిచి కూడా చూసి ఉండరు. మళ్లీ అడిగాను. "మీరు అద్భుతంగా చేస్తున్నారు" అని చప్పట్ల బొమ్మ. రెండో నెలలో ఇంకో కోచ్ వచ్చారు, ఆవిడ కాస్త నయం. అన్నం తీసెయ్యక్కర్లేదు, మూడు వందల గ్రాములని రెండు వందలు చేసి ఆ ఖాళీలో కూర పెట్టుకోండి అంది. ఈ ఒక్క సలహాకి నేను 799 ఇచ్చానని అనుకుంటాను.

ఖాళీలో కూర పెట్టుకోవడం చెప్పినంత తేలిక కాదు. మా ఇంట్లో కూర అంటే అన్నంలో కలుపుకునేంత. అరకిలో దొండకాయలు ఐదుగురికి సరిపెట్టేదాన్ని. ఇప్పుడు కిలో కావాలి. వారానికి కూరగాయల ఖర్చు మూడొందలు పెరిగింది. కిలో దొండకాయలు తరగడానికి ఇంకో పావుగంట.

ఇక నూనె. యాప్‌లో ఎవరూ సరిగ్గా రాయలేనిది ఇదే. పోపులో ఎంత వేశాం, మూకుడు అడుగున ఎంత మిగిలింది, వడలు ఎంత పీల్చాయి, ఎవరికి తెలుస్తుంది? చెంచాతో కొలిచి పోద్దామని మూడు రోజులు చూశాను. నాలుగో రోజు హడావిడిలో ప్యాకెట్ కత్తిరించి వంపేశాను. జూలై 1న నెల సరుకుల చీటీ రాస్తుంటే తట్టింది. ప్రతి నెలా ఆరు ప్యాకెట్లు తెప్పిస్తాం. లీటరు ప్యాకెట్ మీద కింద చిన్న అక్షరాల్లో 910 గ్రాములు అని ఉంటుంది, నూనె నీళ్ల కంటే తేలిక కదా. ఆరు ప్యాకెట్లంటే 5,460 గ్రాములు. ఐదుగురం, ముప్పై రోజులు. మనిషికి రోజుకి 36 గ్రాములు. అరకిలో నెయ్యి కలిపితే 40. పోషకాహార సంస్థ వాళ్ల 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి చెప్పిన నూనె, కొవ్వు మొత్తం 27 గ్రాములు. మేం బయట తిన్నది ఇందులో కలవలేదు.

ఈ లెక్క చీటీ వెనకాలే వేశాను, రెండు నిమిషాలు పట్టింది. మూడు వారాలు గ్రాములు తూచి యాప్‌లో కొట్టినా కనబడనిది కిరాణా చీటీలో ఉంది. ఆ నెల ఐదు ప్యాకెట్లే రాశాను. ఎలా సరిపెట్టానంటే వేపుళ్లు వారానికి రెండుకి తగ్గించాను, పూరీలు నెలకొకసారి, నూనెని చిన్న మూతి ఉన్న గాజు సీసాలో పోసుకున్నాను. ప్యాకెట్ అంచు నుంచి పోస్తే ధార ఆగదు, సీసా నుంచి పోస్తే చెయ్యి ఆగుతుంది.

జూలై రెండో వారానికి ఇంకొకటి బయటపడింది. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

యాప్ ప్రకారం నేను రోజుకి 1,400 తింటున్నాను. బరువు మాత్రం ఐదు వారాల్లో కిలో కూడా తగ్గలేదు. అంకెలు ఎక్కడ తప్పాయో తెలియక ఒక రాత్రి నన్ను నేను గమనించుకున్నాను. తొమ్మిది నలభై. అందరి భోజనాలూ అయ్యాయి. నేను సింకు దగ్గర నిలబడి ఉన్నాను. బాబు కంచంలో నాలుగు ముద్దల పెరుగన్నం, పాప వదిలిన అర అప్పడం, పప్పు గిన్నె అడుగున రెండు గరిటెలు. పెరుగన్నం చేత్తోనే నోట్లో పెట్టుకున్నాను, పప్పు గిన్నెలో ఇంత అన్నం వేసి గిన్నె తుడిచినట్టు తినేశాను. అప్పడం నములుతూ కుళాయి తిప్పాను. నిమిషంన్నర. అది భోజనం అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. గిన్నెలు కడగడంలో భాగం అనిపించింది. పొద్దున కూడా అంతే, బాబు వదిలిన సగం అట్టు, ఉప్పు చూడ్డానికని రెండు చెంచాల కూర.

మర్నాటి నుంచి 'మిగిలినవి' అని ఒక పేరు పెట్టి యాప్‌లో రాయడం మొదలుపెట్టాను. వారం సగటు 280. అది ఒక పూట టిఫిన్. నేను రోజుకి నాలుగు పూటలు తింటున్నానన్నమాట, అందులో ఒకటి నిలబడి.

అన్నం పారెయ్యలేం. మా అమ్మ కింద పడిన మెతుకు కూడా ఏరి కళ్లకద్దుకునేది. అత్తయ్య గారికి ఈ సంగతి చెబితే, తూకం విషయంలో ముభావంగా ఉన్నావిడే వెంటనే అందుకున్నారు. "మేమందరం అలాగే తిన్నాం అమ్మాయ్. ఆఖర్న కూర్చునేవాళ్లకి అడుగూ బొడుగే" అన్నారు. తర్వాత ఆవిడే ఒక పద్ధతి పెట్టారు. పిల్లలకి మొదట సగమే వడ్డిస్తారు, అడిగితే రెండోసారి. నేను కూడా అందరితోపాటే కూర్చోవాలి, ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకోవాలి. మొదటి వారం మా ఆయన రెండుసార్లు ఖాళీ కంచం ముందు నా కోసం చూస్తూ కూర్చున్నారు. మూడోసారి లేచి చారు తెచ్చుకున్నారు.

జూలై 19, 20 తేదీల్లో నాకు జ్వరం. రెండు రోజులూ జావ, కొబ్బరి నీళ్లు. 600 కూడా దాటలేదు. రాత్రి ఫోను తెరిస్తే తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి. "లక్ష్యం సాధించారు!" అట. ఒళ్లు కాలిపోతుంటే ఆ తెర చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎక్కువ తింటే ఎరుపు, ఎంత తక్కువ తిన్నా పచ్చే. అప్పుడే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాప లాగిన గీతని వెనక్కి లాగాను. 1,600 దగ్గర ఆగింది. ఎరుపు తగ్గాక నాకు చిరాకు కూడా తగ్గింది, అసలు ఆ 1,350తో దాదాపు ఆరు వారాలు ఇంట్లో అందరి మీదా ఎందుకు అరిచానో ఇప్పుడు తెలుస్తోంది.

పాప సంగతి ఆలస్యంగా చూశాను. ఆగస్టు మొదటి వారంలో దాని డబ్బా రెండు రోజులు వరసగా అన్నంతో వెనక్కి వచ్చింది. ఆకలి లేదంది. మూడో రోజు బూరెలు చేస్తే, ఒకటి చేతిలోకి తీసుకుని, "అమ్మా, ఇది ఎన్ని?" అంది. ఎన్ని ఏమిటే అన్నాను. "కేలరీలు." నేను చెప్పేశాను, అలవాటైపోయింది కదా, నోట్లోంచి వచ్చేసింది. అది బూరెని మళ్లీ గిన్నెలో పెట్టేసి వెళ్లిపోయింది. దానికి పదిహేనేళ్లు. పిక్కలు చూస్తే ఎముకలే.

ఆ రాత్రి దాని ఫోను చూస్తే అదే యాప్ ఉంది. దానికి 1,200 పెట్టుకుంది. తిట్టలేదు. రెండు నెలలుగా భోజనాల బల్ల దగ్గర నేను చదువుతున్నవి ఆ అంకెలే. పక్కన కూర్చుని, నాకు డాక్టరు చెప్పారు కాబట్టి రాస్తున్నాను, నీకు ఎవరు చెప్పారు అని అడిగాను. క్లాసులో ఎవరో ఏదో అన్నారట. చాలాసేపు మాట్లాడుకున్నాం, అవన్నీ ఇక్కడ రాయను. అది యాప్ తీసేసింది. నేను తూకాన్ని బల్ల మీద నుంచి తీసి వంటింటి పై అరలో పెట్టాను. అంకెలు పైకి చదవడం మానేశాను. రాసుకోవడం ఉంటే రాత్రి గదిలో. డబ్బా ఖాళీగా రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నాకున్న టెన్షన్ ముందు 6.2 ఏపాటిది.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే యాప్ మీ ఫోన్లో మీరే వేసుకోండి. మీ అంకెలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. తొమ్మిది రకాలు చేశాం. పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ప్రసాదం, వద్దంటే అమ్మవారిని వద్దన్నట్టు. మూడు బొబ్బట్లు తిన్నాను. యాప్‌లో ఒకటి అని రాశాను. రాసి ఆ ఒకటి వంక చాలాసేపు చూశాను. చూసేది నేనే, రాసేది నేనే, ఎవరికి అబద్ధం చెప్పాను? మర్నాడు సరిదిద్దుదామనుకుని మర్చిపోయాను. అది ఇప్పటికీ ఒకటిగానే ఉంది.

కోచ్ ప్లాన్ ఆపేద్దామని ఆగస్టు మధ్యలోనే అనుకున్నాను. యాప్‌లో 'ఆపు' అని నొక్కితే ఎందుకు, నిజంగానా, సగం ధరకి ఇస్తాం అంటూ నాలుగు తెరలు వచ్చాయి. నాలుగోదాని తర్వాత అయిపోయిందనుకున్నాను. కాలేదు. డబ్బు కట్ అయ్యే ముందు రోజు మెసేజ్ రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ ముందు రోజు ఆగస్టు 27, వినాయక చవితి. ఉండ్రాళ్లు, కుడుములు, పత్రి, మట్టి వినాయకుడు, ఎవరు చూస్తారు ఫోను? 28న మూడో 799 పోయింది. మెయిల్ పెడితే ఐదు రోజులకి జవాబు, వెనక్కి ఇవ్వడం కుదరదని. చివరికి ఆపింది మా స్కూల్లో సైన్స్ చెప్పే మేడం. యాప్‌లో కాదు, యూపీఐలో ఆటోపే అని ఉంటుంది, అక్కడ రద్దు చెయ్యాలి అని చూపించింది. పది సెకన్లు. యాప్‌ని ఫోన్లోంచి తీసేసినా ఆటోపే ఆగదట, అది విడిగా ఆపుకోవాలి.

సెప్టెంబరు 15, మళ్లీ సోమవారమే. మళ్లీ 650. ఈసారి రిపోర్టు వచ్చేదాకా ఆగలేక మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశాను. సాయంత్రం ఆరింటికి వచ్చింది. పరగడుపు 101, హెచ్‌బీఏ1సీ 5.9, బరువు 67.4. గుమ్మంలోంచి వెళ్లిపోలేదు, వసారాలోకి జరిగింది.

మర్నాడు డాక్టరు గారి గది బయట గంటన్నర కూర్చున్నాను. మూడు నెలల గ్రాఫులన్నీ తెరిచి, ఏ వారం ఎంత, ఏ పూట ఎంత, చూపించడానికి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన ఫోను తీసుకుని ఒకసారి వేలితో పైకి తోశారు, తిరిగి ఇచ్చేశారు. "ఏం మార్చారో నాలుగు ముక్కల్లో చెప్పండి" అన్నారు. అన్నం మూడు వందల నుంచి రెండు వందలు, కూర రెట్టింపు. టీలు నాలుగు నుంచి రెండు, ఒక చెంచా పంచదార. మిగిలినవి తినడం లేదు. నూనె తగ్గింది. ఆయన మందుల చీటీ మీద ఏ మందూ రాయకుండా ఈ నాలుగూ రాసుకున్నారు. లోపల నాలుగు నిమిషాలు కూడా లేను. ఐదొందలు.

మొత్తం ఖర్చు వేసుకుంటే కోచ్ ప్లాన్‌కి 2,397, తూకానికి 420, పరీక్షలకి 1,300, డాక్టరుకి వెయ్యి. 5,117 రూపాయలు, కూరగాయలు కాక.

ఇప్పుడు రోజూ రాయడం లేదు. నెలలో మొదటి వారం మాత్రం రాస్తున్నాను, చెయ్యి ఎక్కడైనా జారుతోందేమో చూసుకోవడానికి. అన్నానికి తూకం అక్కర్లేదు, రెండు వందల గ్రాములంటే నా కంచంలో ఎక్కడిదాకా వస్తుందో కంటికి తెలిసిపోయింది. ఆదివారాలు గోంగూర పప్పు తూచను.

అక్టోబరు 1న ఎప్పుడూ తెచ్చే కొట్లోనే సరుకుల చీటీ ఇచ్చాను. కొట్టతను ఒక్కొక్కటి చదువుతూ, కట్టిస్తూ, నూనె దగ్గర ఆగాడు. జూలై నుంచి ఐదు వెళ్తున్నాయి, ఈసారి నాలుగే. చీటీ లోంచి తలెత్తి అడిగాడు.

"ఇంట్లో ఎవరైనా ఊరెళ్లారా మేడం?"

"లేదండీ" అన్నాను. "అందరం ఇక్కడే ఉన్నాం."